బంతి ఎవరి దిక్కున్నది?

పోయిన వారం విజయ మేడంను ఎక్కడ వదిలేశామో గుర్తుంది కదా. జనగామలో, శారదమ్మ గారి మేడ మీది అద్దె గదిలో, మంచం మీద కొత్త పట్టుచీర పరచుకుని, ఫోనులో చెల్లెలి కూతురి పెళ్లి ఫొటోలు చూస్తుంటే వదిలేశాం. భూపాలపల్లిలో భవ్య పెళ్లి రెండు వారాల కిందటే జరిగిపోయింది. ఆ పిల్లకు ఉన్న ఒక్కగానొక్క పెద్దమ్మ పోలేదు. పిలుపు రాలేదు కాబట్టి పోలేదు.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం గొడవేమిటో రెండు ముక్కల్లో చెబుతాను. విజయ, దీప మహబూబాబాద్‌లో పుట్టి పెరిగిన అక్కాచెల్లెళ్లు. అన్నదమ్ములు లేరు. తండ్రి పోయాక ఇల్లు నడిపే పనిలో పడి విజయ పెళ్లి మాటే మరిచింది. దీపను బొగ్గు బాయిలో పనిచేసే ధర్మేందర్‌కు ఇచ్చి చేసింది కూడా తనే. తల్లి మంచాన పడ్డప్పుడు దీప ఆమెను భూపాలపల్లి తీసుకుపోయింది. అక్కడే తల్లి కన్ను మూసింది. విజయకు ఆఖరు చూపు దక్కలేదు. దశదినకర్మ నాడు బంధువులందరి ముందు విజయ చెల్లెలి మొహాన అనేసింది: "అమ్మను నాకు కాకుండ జేసినవ్. ఇగ నా గడప తొక్కకు."

అప్పటి నుంచి మాటలు బందు.

ఎన్ని మాటలు బందైనా పెళ్లికి పిలుస్తుందని విజయ లోలోపల ఆశపడింది. తల్లిదండ్రులు లేని దీపకు పుట్టింటి చీర పెట్టాల్సింది తనే కదా. అందుకే పిలుపు రాకముందే చీర కొని బీరువాలో దాచింది. పిలుపు రాలేదు. ఫొటోలో దీప పీటల మీద తల్లి పాత చీర కట్టుకుని కూర్చుంది. నెమలిరంగు చీర, అంచు దగ్గర చివికిపోయినది. తనను ఏడిపించడానికే కట్టిందని విజయ అనుకుంది. ఆ రాత్రి అన్నం తినలేదు.

ఇక ఈ వారం కథ.

తెల్లవారి ఏమీ జరగనట్టే క్లాసు తెరిచింది విజయ. మనిషి అలాంటిది. మేడ మీద తన గదిని ఆనుకునే ఒక రేకుల హాలు ఉంది. పొద్దున పూట అక్కడ స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతుంది. అది అయ్యాక గదిలో తలుపు దగ్గరికేసుకుని, ఫోనులో దూరపు ఊళ్లవాళ్లకు చెబుతుంది. బోర్డు మీద రోజుకొక ఇంగ్లిషు నుడికారం రాస్తుంది. అర్థం చెబుతుంది. ఆ తర్వాత ప్రతి ఒక్కరూ లేచి ఆ నుడికారంతో ఒక వాక్యం చెప్పాలి. పుస్తకంలో వాక్యం పనికిరాదు, తమ ఇంట్లోనో వాడలోనో జరిగిన సంగతే చెప్పాలి. అబద్ధం చెబితే మేడం పసిగట్టేస్తుంది. ఇంట్లో జరిగినదైతే ఏ భాషలోనైనా మాట దానంతటదే వస్తుందని ఆమె నమ్మకం. ఆ నమ్మకం వల్ల ఏం కొంప మునగబోతోందో ఆమెకు తెలియదు, పాపం.

ఆ రోజు బోర్డు మీద రాసింది ఇది: ది బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్.

కావాలనే రాసింది. ఎన్నాళ్లుగానో తనలో తాను అనుకుంటున్న మాట అది.

"మన ఊర్లల్ల వాలీబాల్ ఆడుతరు గద," అంది విజయ. "బంతి నెట్టు దాటి అవతలికి పోయిందనుకో. ఇగ నువ్వు ఎంత ఎగిరినా లాభం లేదు. అవతలోళ్లే కొట్టాలె. గదే ఈ మాట. నేను చెయ్యవలసింది చేసిన, ఇప్పుడు నీ వంతు, ఏం చేస్తవో నువ్వే చెప్పాలె. ఉద్యోగం ఇస్తమని చెప్పినంక ఆఫీసోళ్లు అంటరు. బేరం కాడ అంటరు. అలిగిన మొగడు పెండ్లాలు గూడ అంటరు."

"కోపంల అంటరా మేడం?" అని అడిగాడు రాజమౌళి. స్టేషన్ ఘన్‌పూర్‌లో ఎరువుల దుకాణం ఆయనది. యాభై దాటాక ఇంగ్లిషు మీద మనసు పడి రోజూ బస్సెక్కి వస్తాడు.

"కోపంల అనొద్దు. మెల్లగ అనాలె. ఎదుటోళ్లకు తొవ్వ ఇచ్చినట్టు ఉండాలె గని తలుపు మూసినట్టు ఉండొద్దు."

ఎంత చక్కగా చెప్పిందో చూడండి. చెప్పడానికి విజయ మేడం తర్వాతే ఎవరైనా.

రాజమౌళి ముందుగా లేచాడు. "మా మేనల్లునికి పిల్లను చూసినం మేడం. పసందయిందని చెప్పి వచ్చినం. ది బాల్ ఈజ్ ఇన్ దెయిర్ కోర్ట్."

"వెరీ గుడ్. మరి వాళ్లేమన్నరు?"

"ఏమనలే. పిల్లకు వేరే పెండ్లి గూడ అయింది. మొన్న తొట్టెల ఫంక్షన్‌కు పోయొచ్చినం."

క్లాసంతా పగలబడి నవ్వింది. విజయ కూడా నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది. "అయితే బంతి ఎక్కడున్నట్టు?"

"మురికి మోరీల పడ్డట్టు మేడం," అన్నాడు రాజమౌళి. మళ్లీ నవ్వులు. నవ్వులు ఆగాక ఆయనే తల గోక్కుంటూ అడిగాడు. "మాకు మాట చేరలేదని వాళ్లు తర్వాత చెప్పిండ్రు లెండ్రి. నడుమ మనిషి చెప్పనే లేదట. మేడం, బంతి వచ్చి పడ్డ సంగతి అవతలోళ్లు చూడకపోతే ఎట్ల మరి?"

"చూడకపోవుడేంది?" అని విజయ కొట్టిపారేసింది. "కండ్ల ముందట పడ్డది కనపడదా? చూడొద్దనుకున్నోళ్లకే కనపడదు."

అప్పుడు లేచింది మేఘన. శారదమ్మ చిన్న కోడలు. ఉద్యోగం ఇంటర్వ్యూల కోసం క్లాసుకు వస్తుంది. బెదురు పిల్ల, ఎప్పుడూ గోడ పక్కన కూర్చుంటుంది. ఈ రోజు మాత్రం మేడం మొహంలోకి సూటిగా చూసింది.

"వన్ సిస్టర్ కేమ్ టు కాల్ హర్ సిస్టర్ ఫర్ ఎ మ్యారేజ్," అంది. "షి పుట్ బొట్టు అండ్ వెంట్. ది బాల్ వాజ్ ఇన్ ది అదర్ సిస్టర్స్ కోర్ట్. బట్ షి డిడ్ నాట్ గో."

ఒక్క తప్పు లేదు. విజయ వెరీ గుడ్ అనాలి. అనలేదు.

"మేడం," అంది మేఘన తెలుగులోకి వచ్చేసి, "బొట్టు వెట్టి పిలిచినా పోనోళ్లను ఇంగ్లిషుల ఏమంటరు?"

విజయ చేతిలోని డస్టర్ బల్ల మీద పెట్టింది. ఇవాళ్టికి చాలంది. అందరూ మెట్లు దిగిపోయారు. మేఘన చెప్పులు వేసుకుంటుంటే ఆపింది.

"ఎవల సంగతి చెప్పినవ్?"

"మా అత్తమ్మను అడుగుండ్రి మేడం. నేను చెప్తే తిడుతది," అని ఆ పిల్ల ఉరికినట్టే దిగిపోయింది.

కింద శారదమ్మ వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. భర్త లక్ష్మీనర్సయ్య బజారులో కిరాణా హోల్‌సేల్ దుకాణానికి పోయాడు. ఈ శారదమ్మ ఒకప్పుడు విజయను ఎంత బాగా చూసుకునేదో పాత భాగాలు చదివినవాళ్లకు తెలుసు. ఏం వండినా ఒక గిన్నె పైకి వచ్చేది. పెళ్లి వారం నుంచి గిన్నె రావడం మానేసింది. ఎదురుపడితే తల తిప్పుకుంటోంది. ఎందుకో అడుగుదామని విజయ అనుకోలేదు. మాట మానేసింది ఆమె, కారణం చెప్పాల్సింది ఆమే అనుకుంది. ఇలాంటి లెక్కలు వేసుకునే విజయ ఇంత ఒంటరిదైంది.

"పెద్దమ్మా, మేఘన ఏందో అంటున్నది," అంది.

శారదమ్మ తలెత్తలేదు. "నాతోని అనిపియ్యకు బిడ్డా. కిరాయికి ఉన్నవ్, నీ ఇంటి సంగతి నాకెందుకు?"

"బొట్టు అంటున్నది. ఎవలు పెట్టిండ్రు బొట్టు?"

అంతే. చింతపండు చేట పక్కకు నెట్టేసింది శారదమ్మ. "ఎవలు పెట్టిండ్రంటవా? నీ నోట్లెకెల్లి గా మాట ఎట్ల వస్తున్నది? పెండ్లికి పోతలేవా అని నేనడిగితే నన్నెవలు పిలిచిండ్రు అంటివి. ఇంత అబద్ధమా? నీ చెల్లె గా మెట్ల మీద కూసోలేదా? దర్వాజకు బొట్టు వెట్టి పోలేదా?"

విజయ అరుగు స్తంభం పట్టుకుని నిలబడింది. "దీప వచ్చిందా?"

ఆ గొంతు విని శారదమ్మ ఆగిపోయింది. విజయ మొహం వంక మొదటిసారి సరిగా చూసింది. ఈమె నటించడం లేదని ఆ ముసలామెకు అప్పుడు అనుమానం వచ్చింది. కోపం కొంత దిగింది.

"శుక్రవారం పొద్దుగాల వచ్చింది," అని మొదలుపెట్టింది. "నువ్వు లోపట ఫోన్ల క్లాసు చెప్తున్నవ్. తలుపు దగ్గరికేసి ఉన్నది. నేను గడపలు కడిగి పసుపు రాసుకుంట పైకొచ్చిన. చేతిల కుంకుమ భరిణె పట్టుకొని నిలబడ్డది పిల్ల. లోపటికి పో బిడ్డా అన్న. అక్క నన్ను గడప తొక్కద్దన్నది పెద్దమ్మా, నేను తొక్క, అన్నది. పిలువు మరి, బయటికి వస్తది అన్న. క్లాసుల ఉన్నది, ఒడువనియ్యుండ్రి, జరసేపు ఆమె గొంతు వింట కూసుంట అన్నది."

"ఎంతసేపు కూసున్నది?"

"శానసేపు. చాయ తెచ్చిస్తే తాగలే. నువ్వు లోపట ఏందో ఇంగ్లిషు చెప్పుకుంట నవ్వుతున్నవ్. నువ్వు నవ్వినప్పుడల్లా ఆమె గూడ నవ్వుతున్నది. నీ క్లాసు ఎంతకు ఒడువలే. బస్సు పోతదని లేసింది. దర్వాజ కాడ నిలబడి, నీ నొసలు ఎంత ఎత్తుల ఉంటదో చెయ్యి వెట్టి చూసుకొని, గాడ బొట్టు వెట్టింది. మనిషి లేనప్పుడు దర్వాజకు పెట్టి పోతరు గద, గట్ల. కండ్లు తుడుసుకున్నది. నేను చెప్పనా అన్న. వద్దు పెద్దమ్మా, మీరు చెప్తే మీరు పిలిచినట్టయితది. అక్క చూసుకుంటది. రావాలని ఉంటే వస్తది, అన్నది."

విజయకు ఆ శుక్రవారం గుర్తొచ్చింది. క్లాసు ముగించి తలుపు తీసింది. గడపకు ఎప్పటిలా శారదమ్మ పెట్టిన పసుపూ బొట్లూ ఉన్నాయి. దర్వాజ పక్క చెక్కకు, పైన, ఇంకొక బొట్టు కనిపించింది. పెద్దది. కాస్త కిందికి జారి ఉంది. శారదమ్మకు చూపు తగ్గింది, చెయ్యి ఎక్కడ తగిలిందో చూసుకోలేదు అనుకుంది. క్లాసుకు వచ్చేవాళ్ల బట్టలకు అంటుతుందని బోర్డు డస్టర్ తడిపి తెచ్చి తుడిచేసింది. మరక పోయేదాకా గట్టిగా రుద్దింది.

"తుడిచేసిన పెద్దమ్మా," అంది.

"ఏంది?"

"నేనే తుడిచేసిన. నువ్వు పెట్టినవనుకొని." విజయ అక్కడే అరుగు మీద కూలబడి ఏడ్చింది. ఇన్నాళ్లూ ఎవరి ముందూ కన్నీరు పెట్టని మనిషి, వీధిలో పోయేవాళ్లు చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చింది. చెల్లెలు తలుపు అవతల కూర్చుని తన నవ్వు వింటుంటే, తను ఎవరికో దూరాన ఉన్నవాళ్లకు ఇంగ్లిషు మాటలు నేర్పుతోంది. ఎవరూ లేరు, ఎవరూ పిలవలేదు అనుకుంటూ గడిపిన ఆ రోజులన్నిటా పిలుపు డస్టర్‌లో ఉంది. నెమలిరంగు చీర సంగతి ఇప్పుడు అర్థమైంది. పుట్టింటి చీర లేకుండా దీప పీటల మీద కూర్చోలేకపోయింది. బతికి ఉన్న అక్క పెట్టకపోతే, పోయిన తల్లి చీరే కట్టుకుంది.

శారదమ్మ పక్కకు వచ్చి కూర్చుంది. "నేను నిన్ను ఎంత పాపిష్టిదానివి అనుకున్ననో. నాతోని అడగవచ్చు గద, ఎందుకు మాట్లాడుతలేవని."

"నువ్వు చెప్తవని చూసిన."

"నేను నువ్వు అడుగుతవని చూసిన," అంది శారదమ్మ. చెంగుతో విజయ మొహం తుడిచింది. తర్వాత లేచింది, చెయ్యి పట్టి లేపింది. "ఇగ ఏడ్సుడు బంద్ చెయ్యి. పిల్ల పెండ్లి పదార్రోజుల పండుగ ఎప్పుడు?"

"రేపే. ఫోన్ల చూసిన."

"మరింకేంది? పెండ్లినాడు పెట్టని చీర ఆ పండుగ దాక పెట్టవచ్చు. అది దాటినంక పెట్టినా పెట్టనట్టే. లే, పో."

"ఫోన్ చెయ్యనా ముందు?"

"ఫోన్ల ఏమని చెప్తవ్? తుడిచిన అని చెప్తవా? పోయి మొహం చూపియ్యి."

చీర, జాకెట్ ముక్క, కొబ్బరికాయ, పసుపు ఒక సంచిలో సర్దింది శారదమ్మే. తన పూజ దగ్గరి కుంకుమ భరిణె తెచ్చి పైన పెట్టింది. మేఘన బస్టాండు దాకా స్కూటీ మీద దింపింది. దిగాక ఆ పిల్ల, "మేడం, తప్పయింది," అంది. "తప్పేం లేదు. వాక్యం మంచిగ చెప్పినవ్," అంది విజయ.

బస్సులో ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్టు తీసుకుంది. స్టేషన్ ఘన్‌పూర్ దాటింది. హనుమకొండలో బస్సు మారింది. సంచి ఒడిలోనే పెట్టుకుంది. పక్క సీటులో పరకాల పోయే ముసలామె కూర్చుని కాసేపటికి అడిగింది. "ఎవలింటికి బిడ్డా, చీరె పట్టుకొని పోతున్నవ్?"

"చెల్లెలింటికి."

ఆ మాట తన నోటి నుంచి వచ్చి ఎన్నేళ్లయిందో. ముసలామె తన చెల్లెలి సంగతులు చెప్పుకుపోయింది. ఆమె పరకాలలో దిగిపోయాక బస్సు సగం ఖాళీ అయింది. ఏమని మాట్లాడాలో విజయ మనసులో అనుకుంటూ పోయింది. ముందు క్షమించమనాలా, బొట్టు సంగతి చెప్పాలా, అమ్మ పేరెత్తాలా? ఎంతమందికో మాట్లాడటం నేర్పిన మనిషికి ఒక్క వాక్యం కుదరలేదు. కిటికీలోంచి పత్తి చేన్లు పోతున్నాయి. ఇన్నేళ్లలో ఇదే బస్సు రోజూ నడిచింది, తనే ఎక్కలేదు.

భూపాలపల్లిలో దిగేసరికి ఎండ చల్లబడింది. బొగ్గు లారీలు పోయే రోడ్డు దాటి, క్వార్టర్ల వరసలో దీప ఇల్లు వెతుక్కుంది. వెతకాల్సిన పని లేకపోయింది. ముందు పందిరి ఇంకా ఉంది. మామిడి ఆకులు ఎండి చుట్టుకుపోయాయి. గోడ మీద వధూవరుల పేర్లు రాసి ఉన్నాయి. తలుపు లోపలి నుంచి వేసి ఉంది. లోపల గిన్నెల చప్పుడు, పోపు వాసన. రేపటి పండుగకు వంట పనులు మొదలైనట్టున్నాయి.

విజయ మూడు మెట్లెక్కి గడప ముందు నిలబడింది. గడప తొక్కలేదు. నా గడప తొక్కకు అన్న మనిషికి వీళ్ల గడప తొక్కే హక్కు ఎక్కడిది? సంచిలోంచి భరిణె తీసింది. దీప ఎత్తు ఆమెకు కొలవక్కరలేదు. చిన్నప్పటి నుంచీ తన చెవి దాకా వచ్చి అక్కడే ఆగిపోయిన పిల్ల. దర్వాజ మీద అంత ఎత్తున బొట్టు పెట్టింది. కుంకుమ కొంచెం కిందికి రాలింది.

బొట్టు పెట్టి పోవడానికి రాలేదు తను. ఆ తప్పు ఒకసారి జరిగింది, చాలు. తలుపు మీద మెల్లగా తట్టింది.

"ఎవలు?"

దీప గొంతు. అదే గొంతు. అనుకున్న వాక్యాలన్నీ పోయాయి.

"నేనే దీపా. అక్కను. నువ్వు వచ్చిపోయింది నాకు తెల్వదే. నిజంగ తెల్వదు. పొద్దుగాలనే తెలిసింది. బొట్టు నా చేతులతోనే తుడిచేసిన, ఎవలు పెట్టిండ్రో తెల్వక. చీర తెచ్చిన. తలుపు తియ్యి."

గిన్నెల చప్పుడు ఆగింది. అడుగులు తలుపు దాకా వచ్చాయి. మట్టెల చప్పుడు కూడా వినిపించింది. విజయ సంచిలోంచి చీర తీసి రెండు చేతులా పట్టుకుంది.

గొళ్లెం కదిలింది. కానీ తలుపు తెరుచుకోలేదు. కింది గొళ్లెం ఉండగానే పై గొళ్లెం కూడా పడిన చప్పుడు.

లోపలి గదిలోంచి భవ్య అడుగుతోంది. "ఎవలే అమ్మా?"

తలుపు వెనక నుంచే దీప జవాబు చెప్పింది. "ఎవలు లేరు బిడ్డా."

తలుపు కింద సందు ఉంది. మట్టెలున్న దీప పాదాలు రెండు అందులోంచి కనిపిస్తున్నాయి. ఎవరూ లేరని చెప్పిన తర్వాత కూడా అవి అక్కడి నుంచి కదలలేదు. విజయ చీర ఒడిలో పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది.